‘ముప్పు తక్కువ’ అన్న నివేదిక: ఒక గంజాయి సైకోసిస్ కేసులో ఆలస్యంగా గీసిన వంశవృక్షం

ఈ కేసులోని యువకుడు, అతని తల్లి దీనిని రాసేందుకు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. వయసు, చదువు, ఊరు, కాలక్రమంలో కొన్ని వివరాలను మార్చాను. బంధుత్వాల అల్లికను మాత్రం మార్చలేదు. కేసు అర్థమంతా దాని మీదే నిలబడి ఉంది, పైగా మన జిల్లాల్లో అటువంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక దానివల్ల ఎవరినీ గుర్తుపట్టే అవకాశం లేదు.

నేపథ్యం

ఉత్తరాంధ్రలో మానసిక వైద్యం చేసేవారికి గంజాయి కేసు కొత్త కాదు. మన్యం నుంచి దిగే సరుకు ‘శీలావతి’ అన్న ముద్దుపేరుతో హాస్టల్ గదుల దాకా చేరుతుంది. దానిని తాగే పిల్లల్లో అత్యధికులకు సైకోసిస్ (లేని గొంతులు వినిపించడం, జరగనివి జరుగుతున్నాయని గట్టిగా నమ్మడం) రాదు. మా దగ్గరికి వచ్చేవారిని మాత్రమే చూసే మేము ఈ సంగతిని తేలికగా మరిచిపోతాం. వారి పక్క మంచం మీద పడుకున్న స్నేహితులు దానిని మరవరు.

అతనికి ఇరవై ఏళ్ళు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో, పదహారో ఏట మొదటిసారి తాగాడు. బీటెక్ రెండో సంవత్సరం నుంచి రోజూ మూడు నాలుగు సార్లు, సిగరెట్ పొగాకుతో కలిపి చుట్టుకునేవాడు. గదిలో నలుగురు ఉండేవారు, నలుగురూ ఒకే పొట్లం పంచుకునేవారు. తండ్రి చిన్న వ్యాపారి, తల్లి గృహిణి, ఇంట్లో నానమ్మ, ఇంటర్ చదివే చెల్లెలు. తల్లిదండ్రులది మేనరికం: తండ్రి తన మేనమామ కూతురిని చేసుకున్నాడు. అంటే ఈ అబ్బాయికి నానమ్మ అయిన పెద్దావిడ, అతని తల్లికి అత్తగారే కాక పుట్టుకతోనే మేనత్త కూడా. ఈ వాక్యం అప్పట్లో నా కేసు షీట్లో ఉంది. దాని విలువ నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది.

వచ్చినప్పటి సమస్య

పరీక్షలకు ముందు రెండు వారాలు అతడు దాదాపుగా నిద్రపోలేదు. సీలింగ్ ఫ్యానులో వార్డెన్ కెమెరా పెట్టించాడని, తన ఆలోచనలు హాస్టల్ వైఫై ద్వారా అందరి ఫోన్లకూ వెళుతున్నాయని నమ్మాడు. ఇద్దరు మగవాళ్ళు తన గురించి తమలో తాము మాట్లాడుకుంటున్న గొంతులు వినిపించేవి: ‘ఇప్పుడు లేస్తాడు చూడు’, ‘తలుపు తీస్తాడు చూడు’. ఇంటికి తీసుకువెళ్ళాక గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించారు. అలా మరో రెండు వారాలు గడిచాయి. ఆ ఆలస్యానికి మూఢనమ్మకమే కారణమని మొదట అనుకున్నాను. తర్వాత తండ్రి చెప్పిన మాట వేరు. గంజాయి సంగతి ఆసుపత్రిలో బయటపడితే పోలీసు కేసు అవుతుందని వారు భయపడ్డారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం వాడకం కూడా నేరమే అయినా, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చినవారికి అదే చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుందని, రోగి వివరాలను గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మా బాధ్యత అని చెప్పిన తర్వాతే ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

మూత్ర పరీక్షలో గంజాయి తప్ప మరే మాదకద్రవ్యం కనిపించలేదు. రక్త పరీక్షలు, థైరాయిడ్, మెదడు స్కాన్ మామూలుగా ఉన్నాయి. ‘మీ కుటుంబంలో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా?’ అని తల్లిదండ్రులనూ నానమ్మనూ కలిపి కూర్చోబెట్టి ఒకేసారి అడిగాను. ‘మా వంశంలో అలాంటివేవీ లేవు బాబూ’ అని పెద్దావిడ జవాబు చెప్పింది. తల్లి నేల చూపు చూస్తూ ఉండిపోయింది. నేను ‘నిల్’ అని రాసుకున్నాను.

మొదటి నిర్ణయం, దాని వెనుక తర్కం

చికిత్సకు అతడు ఒప్పుకునే స్థితిలో లేడు. తండ్రి నామినేటెడ్ ప్రతినిధిగా (రోగి తరఫున నిర్ణయాల్లో తోడుండే వ్యక్తిగా), అదే 2017 చట్టంలోని 89వ సెక్షన్ కింద చేర్చుకున్నాము. సైకోసిస్‌కు ఇచ్చే రిస్పెరిడోన్ మందు నాలుగు మిల్లీగ్రాములకు చేరేసరికి కాళ్ళు నిలవనీయని అశాంతి, బిగుసుకుపోవడం మొదలయ్యాయి. అదే కోవకు చెందిన ఒలాంజపిన్‌కు మార్చి పదిహేను మిల్లీగ్రాముల దాకా తీసుకువెళ్ళాము. రెండో వారంలో విపరీతమైన మగత వచ్చింది. దానికి మందు మోతాదు ఒక్కటే కారణం కాదు. పొగలోని పదార్థాలు ఒలాంజపిన్‌ను కరిగించే కాలేయపు ఎంజైమును ఉద్దీపింపజేస్తాయి. వార్డులో పొగ ఆగిపోగానే అదే మోతాదుకు రక్తంలో మందు పెరుగుతుంది. పదికి తగ్గించాము, తేరుకున్నాడు. మూడో వారానికి గొంతులు బాగా తగ్గాయి. ఇరవై నాలుగో రోజున ఇంటికి పంపాము.

రోగ నిర్ధారణ ‘గంజాయి వల్ల కలిగిన సైకోసిస్’ అని రాశాను. లక్షణాలు విపరీతమైన వాడకం మధ్యలో హఠాత్తుగా మొదలయ్యాయి, మందుకు త్వరగా లొంగాయి, కుటుంబ చరిత్ర లేదు; ఈ మూడింటినీ కలిపి, గంజాయి మానితే జబ్బు మళ్ళీ రాదని లెక్క వేసుకున్నాను. ఆరు నెలల మందు, తర్వాత మెల్లగా తగ్గింపు అన్నది ప్రణాళిక.

ఆ లెక్కలో మూడు అంశాలను తక్కువగా తూచాను. పదో తరగతిలోనే అతడు ఆటలు మానేసి గదిలో ఒంటరిగా ఉండటం మొదలుపెట్టాడని తల్లి ఒక మాట అంది. అంటే మార్పు గంజాయికి ముందే మొదలైంది. ‘అది తాగితేనే నలుగురిలో కూర్చోగలిగేవాణ్ణి సార్’ అని అతడే చెప్పాడు. స్కిజోఫ్రీనియాకు (సైకోసిస్ లక్షణాలు దీర్ఘకాలం ఉండే జబ్బుకు) దారితీసే జన్యు అంశాలు ఎక్కువగా ఉన్నవారిలో గంజాయి అలవాటు కూడా కొంత ఎక్కువగా కనిపిస్తుందని 2014 నుంచి వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి, కాబట్టి ఏది ముందు ఏది వెనుక అన్న ప్రశ్న అక్కడే లేవాలి. మూడోది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఏడో వారంలో, మూత్ర పరీక్ష శుభ్రంగా ఉన్నప్పుడు, రాత్రిళ్ళు కిటికీ అవతల ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఉంటోందని అన్నాడు. మాని నెల దాటిన తర్వాత కూడా మిగిలే లక్షణం స్వతంత్రమైన జబ్బును సూచిస్తుందని నేను విద్యార్థులకు చెప్పే పాఠమే. ‘నిద్ర సరిపోవడం లేదేమో’ అని రాసి పక్కన పెట్టాను. కుటుంబ చరిత్ర గడిలో ‘నిల్’ అన్న మాట లేకపోతే ఆ వాక్యాన్ని అంత తేలికగా దాటేవాడిని కానేమో.

గది స్నేహితుడు అడిగిన ప్రశ్న

డిశ్చార్జి రోజున అతని గది స్నేహితుడొకడు సామాను అందించడానికి వచ్చి, నన్ను వరండాలో ఆపి అడిగాడు: ‘నలుగురం ఒకే పొట్లం తాగాం సార్. వాడికే ఎందుకు?’

నేను చెప్పిన జవాబు సరైనదే, అయితే అది పాఠ్యపుస్తకపు జవాబు. తాగే మోతాదు, మొదలుపెట్టిన వయసు, సరుకు తీవ్రత, వీటన్నిటికీ సాక్ష్యం గట్టిగానే ఉంది. 1987లో ప్రచురితమైన స్వీడన్ అధ్యయనంలో, సైన్యంలో చేరిన 45,000 మందికి పైగా యువకులను పదిహేనేళ్ళు గమనిస్తే, అప్పటికే యాభై సార్లకు మించి గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువగా తేలింది. యూరప్, బ్రెజిల్‌లలోని పదకొండు చోట్ల 901 మంది తొలిసారి సైకోసిస్ వచ్చినవారిని పరిశీలించిన 2019 నాటి అధ్యయనంలో, రోజూ వాడేవారికి ముప్పు సుమారు మూడు రెట్లు, రోజూ తీవ్రమైన రకం వాడేవారికి దాదాపు ఐదు రెట్లు. కానీ ఆ నలుగురి మోతాదూ ఒకటే, సరుకూ ఒకటే. స్నేహితుడి ప్రశ్నలో మిగిలినది జన్యువుల ముక్కే. దానికి నేను ‘ఒక్కొక్కరి శరీరతత్వం’ అని ముగించాను. అతడు తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ మాట నా రోగి చెవిలో కూడా పడింది.

విఫలమైనది

నాలుగో నెలకు అతడు తొమ్మిది కిలోలు పెరిగాడు. తల్లి మాత్రను సగం చేసి ఇవ్వసాగింది; ఐదో నెలలో అతడే మానేశాడు. లక్షణాలు లేవు కనుక ఎవరూ నాకు చెప్పలేదు. ఆరో నెలలో ఫోనులో ఒక నివేదిక పట్టుకుని వచ్చాడు. ‘శరీరతత్వం’ ఏమిటో తెలుసుకుందామని ఆన్‌లైనులో డబ్బు కట్టి, లాలాజలం పంపించి చేయించుకున్న జన్యు పరీక్ష అది. సీఓఎంటీ అనే జన్యువులో అతనికి రెండు ప్రతులూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చేవి) ‘మెథియోనిన్’ రకం అని, గంజాయి వల్ల మానసిక సమస్య వచ్చే ముప్పు ‘తక్కువ’ అని ఆకుపచ్చ రంగులో రాసి ఉంది.

‘ఇలాంటివి నమ్మకు, పనికిరావు’ అని ఒక్క నిమిషంలో తోసిపుచ్చాను. బయట ఇంకా పదకొండు మంది వేచి ఉన్నారు. ఆ నివేదిక ఎందుకు పనికిరాదో చెప్పడానికి పది నిమిషాలు పట్టేది. డాక్టర్ నోటిమాట ఒక వైపు, శాస్త్రం లాగా కనిపించే అచ్చు కాగితం ఒక వైపు ఉంటే ఇంజనీరింగ్ చదివే కుర్రవాడు దేనిని నమ్ముతాడో నాకు తట్టలేదు. మూడు వారాల్లో మళ్ళీ మొదలుపెట్టాడు. రెండు నెలలు తిరగకుండా తండ్రి అతడిని తెల్లవారుజామున ఆటోలో తీసుకువచ్చాడు. ఈసారి గొంతులు ఆజ్ఞాపిస్తున్నాయి, తిండిలో ఏదో కలుపుతున్నారన్న అనుమానంతో మూడు రోజులుగా ఏమీ తినలేదు.

ఆ పది నిమిషాల్లో చెప్పవలసింది ఇది. మెదడు ముందుభాగంలో డోపమైన్‌ను (నరకణాల మధ్య సంకేతాలు మోసే రసాయనాన్ని) విచ్ఛిన్నం చేసే ఎంజైమును సీఓఎంటీ జన్యువు తయారుచేయిస్తుంది. ఆ ఎంజైములో ఒక స్థానంలో వేలీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే ఎంజైము చురుకు, మెథియోనిన్ ఉంటే నెమ్మది. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన సుమారు 1,000 మందిని చిన్ననాటి నుంచి గమనించిన బృందం 2005లో ఒక ఫలితం ప్రకటించింది: రెండు ప్రతులూ వేలీన్ రకం అయి, కౌమారంలోనే గంజాయి మొదలుపెట్టినవారిలో సైకోసిస్ తరహా జబ్బు దాదాపు 11 రెట్లు, రెండూ మెథియోనిన్ అయినవారిలో గంజాయి వల్ల పెరుగుదల లేదు. అద్భుతమైన కథనం అది, నేను కూడా అప్పట్లో సెమినారులో చెప్పాను. కానీ ఆ అంకె కొద్దిమంది మీద నిలబడినది. తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలు చాలావరకు దానిని నిర్ధారించలేకపోయాయి. నివేదిక అమ్మేవారు 2005 దగ్గరే ఆగిపోయారు.

ఏకేటీ1 అనే మరో జన్యువుకు ఆధారం కొంత మెరుగు. ఇది డోపమైన్ సంకేతం కణం లోపలికి వెళ్ళాక దానిని నడిపించే ప్రొటీనుకు సంబంధించినది. లండన్‌లో 489 మంది రోగులతో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ జన్యువులోని ఒక స్థానంలో రెండు ప్రతుల్లోనూ ‘సీ’ అక్షరం ఉండి రోజూ గంజాయి వాడేవారిలో, రెంటిలోనూ ‘టీ’ అక్షరం ఉండి రోజూ వాడేవారితో పోలిస్తే, సైకోసిస్ అవకాశం ఏడు రెట్లు కనిపించింది. అయినా ఒక్క జన్యువును చూసి ఒక్క మనిషి భవిష్యత్తు చెప్పేంత బలం దానికీ లేదు. స్కిజోఫ్రీనియాలో వంశపారంపర్యం పాలు సుమారు ఎనభై శాతమని కవలల అధ్యయనాలు అంచనా వేస్తాయి, కానీ ఆ ఎనభై శాతం ఏ ఒక్క చోటా లేదు. 2022లో వెలువడిన అతిపెద్ద విశ్లేషణ జన్యుపటంలో 287 చోట్లను గుర్తించింది, ఒక్కొక్కదాని ప్రభావం ఆవగింజంత. వాటన్నిటినీ కూడి ఇచ్చే స్కోరును కూడా ఎక్కువగా యూరప్ మూలాలున్నవారి నమూనాల నుంచి తయారుచేశారు కనుక, మనవారిలో దాని అంచనా ఇంకా బలహీనం. పైగా 2024 నాటి ఒక విశ్లేషణలో ఆ స్కోరూ, తీవ్రమైన గంజాయిని రోజూ వాడటమూ దేనికది విడిగా ముప్పు పెంచాయి తప్ప, స్కోరు తక్కువగా ఉన్నవారికి గంజాయి నుంచి మినహాయింపేమీ దొరకలేదు. అంటే ఆ నివేదికలో ఆకుపచ్చ రంగుకు చోటే లేదు.

తల్లి చెప్పినది

రెండోసారి చేరిన నాలుగో రోజున తల్లిని ఒంటరిగా పిలిచి, కాగితం మీద మగవారికి చతురస్రాలు, ఆడవారికి వృత్తాలు గీసి, జబ్బు ఉన్నవారి గుర్తును నింపే వంశవృక్షం పద్ధతిలో ఒక్కొక్కరి గురించి అడిగాను. ‘జబ్బు ఉందా’ అని అడగలేదు. ఎవరైనా చదువు మధ్యలో ఆపేశారా, ఇల్లు విడిచి వెళ్ళారా, పెళ్ళి కాకుండా ఉండిపోయారా, చిన్న వయసులో పోయారా, తమలో తాము మాట్లాడుకునేవారా అని అడిగాను.

ఆమె తమ్ముడి చతురస్రం దగ్గర ఆగింది. ‘కాశీకి వెళ్ళిపోయాడని చెబుతామండీ’ అంది. అతడికి ఇరవై రెండో ఏట మొదలైంది. నిద్ర లేకపోవడం, గోడతో మాట్లాడటం, తిండిలో విషం ఉందన్న భయం. గంజాయి, సారా ఏదీ ముట్టిన మనిషి కాదు. నాలుగేళ్ళు ఇంట్లో దాచి ఉంచారు, తర్వాత ఒక రాత్రి వెళ్ళిపోయాడు, మళ్ళీ కనిపించలేదు. నానమ్మకు అతడు స్వయానా మేనల్లుడు. నేను ఆవిడ ఎదుటే ఆ ప్రశ్న అడిగాను. మనవరాలికి రేపో మాపో సంబంధాలు చూడవలసిన ఇంట్లో ఆవిడ మరో జవాబు ఎలా చెబుతుంది? కోడలు అత్త మాటకు ఎదురు ఎలా చెబుతుంది?

పుస్తకంలోని పట్టికల ప్రకారం మేనమామ రెండో అంచె బంధువు, మేనల్లుడితో జన్యువుల్లో సగటున నాలుగో వంతు పంచుకుంటాడు. ఈ ఇంట్లో ఆ మేనమామ తండ్రికి కూడా మేనమామ కొడుకే. తండ్రి వైపు నుంచి వచ్చే మరో పదహారో వంతును కలిపితే పాలు 25 నుంచి 31 శాతానికి పెరుగుతుంది. అది పెద్ద తేడా కాదు. మేనరికమే జబ్బు తెచ్చిందని అనడం తప్పు, ఆ మాట తల్లికి స్పష్టంగా చెప్పాను. నాకు తెలిసినదల్లా ఏమిటంటే, మనవారి కుటుంబాల్లో అమ్మ వైపు, నాన్న వైపు అని విడివిడిగా అడిగే ప్రశ్నలు చాలవు. ఒకే మనిషి రెండు వైపులా కనిపిస్తాడు, రెండు వైపులవారూ కలిసి అతడిని దాస్తారు.

పనిచేసినది

ఈ సమాచారం గంజాయి గురించిన సలహాను ఏమీ మార్చలేదు. మానాలి అన్నది ఎలాగూ మానాలే. మార్చినది చికిత్స కాలాన్ని. డెన్మార్క్ జాతీయ రికార్డుల ఆధారంగా 2018లో వచ్చిన అధ్యయనంలో, గంజాయి సైకోసిస్ అని నిర్ధారణ పొందినవారిలో 47 శాతం మంది కాలక్రమంలో స్కిజోఫ్రీనియాకో బైపోలార్ జబ్బుకో (ఉద్వేగం, కుంగుబాటు మార్చిమార్చి వచ్చే జబ్బు) చేరారు; ఫిన్లాండ్ లెక్క కూడా దానికి దగ్గరే. అంటే ఆ పేరు చాలామందికి తాత్కాలిక చిరునామా మాత్రమే. మేనమామ చరిత్ర, ఏడో వారపు గొంతు, పదో తరగతిలో మొదలైన ఒంటరితనం, ఇవన్నీ కలిపి నిర్ధారణను స్కిజోఫ్రీనియాకు మార్చాను, మందు ఏళ్ళ తరబడి అవసరమని చెప్పాను. పరిస్థితి కుదుటపడే దాకా ఒలాంజపిన్ ఇచ్చి, బరువును దృష్టిలో పెట్టుకుని ఆరు వారాల్లో మెల్లగా ఆరిపిప్రజోల్ పదిహేను మిల్లీగ్రాములకు మార్చాము. మందు మానేయడానికి మొదటి కారణం బరువే కనుక, ఈ మార్పును నేను చికిత్సలో సగం అనుకుంటాను.

మిగిలిన సగం మాటలు. అతనితో రెండు సార్లు, గంట చొప్పున కూర్చున్నాను. ‘జన్యువుల్లోనే ఉంది’ అని చెబితే ఇక చేసేదేముందని కూలిపోతాడు. ‘గంజాయి వల్లే’ అని చెబితే మానిన మర్నాడే మందు అక్కర్లేదనుకుంటాడు. వారి ఊరి పక్కన గెడ్డ (వాగు) ఉంది. వాన ఊరంతటికీ ఒకేలా కురుస్తుంది, గెడ్డ ఒడ్డున పల్లంలో ఉన్న ఇంట్లోకి ముందు నీళ్ళు వస్తాయి. ఇల్లు ఎక్కడ కట్టాలో మనం ఎంచుకోలేదు, కానీ వానలో గట్టు తెంపుకోవడం, కట్టుకోవడం మన చేతిలో ఉన్నాయి అని చెప్పాను. అతడు కాసేపు ఆలోచించి, ‘మాత్ర గట్టు అన్నమాట’ అన్నాడు. తర్వాత ఆ నివేదికను ఇద్దరం కలిసి వాక్యం వాక్యం చదివాము. అప్పుడు పట్టింది పన్నెండు నిమిషాలు.

చెల్లెలికి జన్యు పరీక్ష చేయించాలా అని తల్లి అడిగింది. వద్దన్నాను. ఏ ఫలితం వచ్చినా దానితో చేయగలిగే పని ఒక్కటే, అది పరీక్ష లేకుండానే చేయవచ్చు: గంజాయి జోలికి వెళ్ళకపోవడం, వరుసగా నిద్ర చెడినా మనుషుల మీద కారణం లేని అనుమానం మొదలైనా వెంటనే రావడం. ఎర్ర రంగు వస్తే ఆ పిల్ల జీవితకాలం భయపడుతుంది, ఆకుపచ్చ వస్తే ఏమవుతుందో ఆమె అన్న విషయంలో చూశాము. అమ్మాయితో ఈ సంగతి నేనే నేరుగా మాట్లాడాను. మేనమామ పేరు ఆ రోజే ఆమెకు మొదటిసారి తెలిసింది. కాలేజీకి ఇచ్చిన సర్టిఫికెట్లో ‘చికిత్సలో ఉన్నాడు’ అని తప్ప మరొక మాట రాయలేదు.

వరండాలో ప్రశ్న అడిగిన స్నేహితుడిని, నా రోగి అనుమతితో, మళ్ళీ పిలిపించాను. తమకు ఏమీ కాలేదు కనుక తమ శరీరతత్వం గట్టిదని ఆ ముగ్గురూ తీర్మానించుకున్నారని చెప్పాడు. నేను వరండాలో అన్న మాటకు వారు తీసుకున్న అర్థం అది. ఇరవై ఏళ్ళకు రానిది ఇరవై ఐదుకు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరని ఈసారి కూర్చోబెట్టి చెప్పాను. ఇద్దరు మానారని తర్వాత విన్నాను. మూడో అతడి సంగతి తెలియదు.

ఇప్పుడు

రెండోసారి డిశ్చార్జి అయి మూడేళ్ళు దాటింది. ఒక సంవత్సరం ఆలస్యంగా డిగ్రీ పూర్తి చేసి, ఊళ్ళోనే తండ్రి వ్యాపారం లెక్కలు చూస్తున్నాడు. గంజాయి ముట్టలేదు, సిగరెట్ పూర్తిగా మానలేదు. వరుసగా రెండు రాత్రులు నిద్ర తప్పితే ఆ పాత గొంతు ఒకటి పేరు పెట్టి పిలుస్తుందని, తాను జవాబివ్వనని చెబుతాడు. మందు తగ్గించమని ఏడాదిగా అడుగుతున్నాడు. ఈ నెలలో పదిహేను నుంచి పదికి తగ్గించాము. రాత్రి నిద్ర గంటలను చెల్లెలు నోటు పుస్తకంలో రాసి పెడుతోంది, ప్రతి పదిహేను రోజులకు తెచ్చి చూపిస్తారు. పాత కేసు షీట్లో ‘నిల్’ అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టివేసి, పక్కన వంశవృక్షం అతికించాను. కాశీ వెళ్ళాడన్న ఆ మేనమామ చతురస్రం సగం నింపి ఉంది, వయసు దగ్గర ప్రశ్నార్థకం ఉంది.